పదిహేను గంటల కుర్చీ

అమెరికాలోని కుమార్తె పురుడు పోయడానికి బయలుదేరే తల్లులు ఇప్పటికీ సలహా కోసం నా వద్దకు వస్తుంటారు. నూనె కారకుండా ఆవకాయ ఎలా కట్టాలో వారికి బాగా తెలుసు. కాళ్ల సంగతే తలపుకు రాదు.

హైదరాబాదు నుండి షికాగోకు దగ్గరి దారిన కొలిచినా సుమారు 13,300 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా ఎగిరినా పదిహేను గంటలు దాటుతుంది. దుబాయిలోనో దోహాలోనో విమానం మారితే ఇరవై గంటలు మించుతుంది. అలా మారడం చాలామందికి విసుగు; నాకు మాత్రం అదే మేలనిపిస్తుంది. ఆ కాసేపైనా నడుస్తారు కదా!

నడిచేటప్పుడు పిక్క కండరాలు రక్తాన్ని గుండె వైపుకు తోస్తాయి. గంటల తరబడి కదలక కూర్చుంటే అది లోపలి సిరల్లో మందగించి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నాలుగు గంటలు, ఆపైన సాగే ప్రయాణం ఈ ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. అయినా అది సుమారు ఆరు వేల మందిలో ఒకరికే. కానీ ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, పూర్వం గడ్డ ఏర్పడినవారు వైద్యుని అడగకుండా టికెట్టు కొనరాదు.

మరుగుదొడ్డికి లేవవలసి వస్తుందని నీళ్లే మానివేసేవారిని ఎందరినో చూశాను. దయచేసి అలా చేయకండి. నడవ పక్క సీటు అడిగి తీసుకొని, గంటకొకసారి లేవండి.

దిగిన తరువాత, కొన్ని వారాలకైనా సరే, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా ఆనాడే ఆసుపత్రికి వెళ్లండి. అల్లుడి సెలవు పాడవుతుందని ఊరుకోకండి.