మ్యాచింగ్ సెంటర్ విద్య

పాస్టెల్‌ని నీటిరంగుల్లా పళ్లెంలో కలుపుకోలేం. కాగితం మీదే ఒకదానిపై ఒకటి రుద్దాలి, ఎక్కువైతే బురదే. అందుకే బొమ్మ మొదలెట్టకముందే అదే రకం కాగితం ముక్క మీద అయిదారు రంగులు పక్కపక్కన గీసి, కిటికీ వెలుతురులో చూసుకుంటాను.

ఇది అమ్మ పద్ధతి. ఎల్బీనగర్ నుంచి చీర సంచీలో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లేవాళ్లం. అమ్మ ట్యూబులైటుని నమ్మేది కాదు. జాకెట్టు గుడ్డని చీర పక్కన పెట్టి గుమ్మం బయటికి తెచ్చేది. 'ఇది చీర రంగుని తినేస్తోంది, ఒక్క షేడు తక్కువ చూపించు బాబూ' అనేది.

పక్కనున్న రంగుని బట్టి రంగు మారి కనిపిస్తుందని, పారిస్‌లో గోబెలిన్ నేతశాల అద్దకాలు చూసిన షెవ్రూల్ 1839లో పుస్తకం రాశాడు. అది సిద్ధాంతమైంది. అమ్మకి తెలిసిందీ అదే, బట్టల మీదే. ఇంట్లో దాని పేరు మాత్రం 'ఆడాళ్ల బేరాలు'. దాన్ని విద్య అని మనమైనా ఎప్పుడు రాసుకుంటాం?