సోనాపూర్ నుంచి బి.కాం.

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, సైన్సు విద్యార్థిని గనుక చంద్రయానం గురించో, బొగ్గులోని కర్బనం గురించో రాస్తానని వారు ఆశించి ఉంటారు. అవి రాయగలవారు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నాకు దగ్గరగా తెలిసిన సంగతి వేరే ఒకటుంది. దేశం విడిచి బతకపోయిన మనిషి అక్కడ ఉంటూనే ఇక్కడి విశ్వవిద్యాలయం పట్టా ఎలా సంపాదిస్తాడు, దానికోసం ఇక్కడ ఎంతమంది ఏమేమి చెయ్యవలసి వస్తుంది అన్నది ఆ సంగతి. ఆ మనిషి మా అన్న.

మాది నస్పూర్. మంచిర్యాలకు ఆనుకొని ఉన్న బొగ్గుబాయిల ఊరు. 2016లో మంచిర్యాల జిల్లా అయింది, 2023లో కలెక్టరేటు భవనం మా నస్పూర్‌లోనే వెలిసింది. అయినా మా ఊరిని నిద్రలేపేది ఇప్పటికీ శ్రీరాంపూర్ బాయిల షిఫ్టులే. మా ఊళ్ళో ఇళ్ళు రెండు రకాలు: బాయి ఇండ్లు, ఎవుసం ఇండ్లు. బాయి ఇంట్లో తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి కొలువు వస్తుందనే ఆశ ఒకటి ఉంటుంది. వ్యవసాయం ఇంట్లో తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి వచ్చేది నాగలి, దానితోపాటు ఎరువుల దుకాణం బాకీ. మాది రెండో రకం. రెండున్నర ఎకరాలు. ఎక్కువగా పత్తి, నీళ్ళు ఉన్న ఏడు కొంత వరి.

2017లో పత్తికి గులాబిరంగు పురుగు పట్టింది. మా జిల్లాలోనే కాదు, తెలంగాణ అంతటా పట్టింది. కాయ పైకి బాగానే కనబడేది, విప్పితే లోపల పురుగు. అన్న అప్పుడు బి.ఎస్సి. మొదటి సంవత్సరం, కెమిస్ట్రీ అంటే ప్రాణం. నేను ఆరో తరగతి. ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బు బాకీకే చాలలేదు. 2018లో అన్న కాలేజీ మానేసి, మరికొంత అప్పుచేసి, ఏజెంటు చేతిలో పోసి దుబాయి పోయాడు. ఇంట్లో ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దని గట్టిగా అనలేకపోయారు. రెండూ నిజమే.

సోనాపూర్ అనే పేరు మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో చాలామందికి తెలుసు. దుబాయిలో కూలీల క్యాంపులున్న చోటు. మ్యాపులో ముహైస్నా అని వేరే పేరు ఉంటుంది, కాని అక్కడ ఉండేవాళ్ళెవరూ అలా పిలవరు. సోనాపూర్ అంటే బంగారు ఊరు. పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని హాస్యప్రియుడు! అన్న గదిలో ఆరు మంచాలు, ఒకదానిమీద ఒకటి. ఇద్దరు మనవాళ్ళు, జగిత్యాల ఒకరు, నిర్మల్ ఒకరు. తక్కినవారిలో ఇద్దరు బీహారు, ఒకరు నేపాలు. మొదట సిమెంటు మోశాడు. తరువాత లెక్కలు వచ్చినవాడని సైటు గోదాములో సహాయకుడిగా వేశారు. ఆ గోదాములో స్టోర్ కీపర్ కావాలంటే డిగ్రీ ఉండాలి. అన్నకంటే అయిదేళ్ళు తరువాత వచ్చిన కుర్రవాడు డిగ్రీ కాయితం చూపి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అన్న అతనికి పని నేర్పాడు.

డిగ్రీ కావాలని నోరు విప్పగానే మొదట దొరికేది డిగ్రీ అమ్మేవాడు. ఇది విదేశాల్లో ఉన్నవారందరికీ అనుభవమే అనుకుంటాను. పాత తేదీలు వేసి, మార్కుల మెమోలతో సహా మూడు నెలల్లో పట్టా చేతికిస్తామని ఒక మధ్యవర్తి క్యాంపుకే వచ్చాడట. దొంగ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. ప్రకటిస్తూనే ఉంటుంది, అయినా గిరాకీ తగ్గదు. అన్న ఒకే ఒక మాటన్నాడు. "తమ్మీ, గా కాయితం కొనుక్కుంటే నేను సదువు ఇడిసిపెట్టిన సంగతి సుత అబద్ధమైతదిరా."

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. ఉన్నచోటినుంచే పట్టా అన్నది సెల్‌ఫోను తెచ్చిన వింత కాదు. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే తన పరీక్షలకు ఎక్కడివారైనా కూర్చోవచ్చునని తలుపులు తెరిచింది. వలస దేశాల్లో ఎంతోమంది తమ ఊళ్ళోనే ఉండి ఆ పట్టాలు పుచ్చుకున్నారు. అప్పుడు ఇంటిదగ్గర ఉండి పరాయి పట్టా. ఇప్పుడు పరాయిచోట ఉండి ఇంటి పట్టా. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా జైలులో ఉంటూ ఆ దేశపు దూరవిద్యా విశ్వవిద్యాలయం నుంచి 1989లో లా డిగ్రీ పొందాడు. మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తరాల ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. కాని మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన హైదరాబాదులో, 1982లో. దానికి తొలి ఉపకులపతి మన పాత కరీంనగర్ జిల్లావాడైన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. తరువాత 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ చదవని వారికి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్న విశ్వవిద్యాలయం అది. మా వైపు బాయిల్లో మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఆ పుస్తకాలు ముందేసుకున్న కాకలను నేను చూశాను.

ఆన్‌లైన్ డిగ్రీలకు యు.జి.సి. 2018లో నిబంధనలు చేసింది. 2020లో దూరవిద్యతో కలిపి వాటిని కొత్తగా రాసింది. దాంతో సముద్రం అవతల ఉన్నవాడికి కూడా దారి దొరికింది. 2023లో అన్న మన దేశపు ఒక విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ బి.కాం.లో చేరాడు.

కెమిస్ట్రీ ప్రాణమైనవాడు బి.కాం.లో ఎందుకు చేరాడని మీరు అడగవచ్చు. ఫోనులో బ్యూరెట్ ఉండదు గనుక. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఎస్సి. ఉంది, కాని ప్రాక్టికల్స్‌కు అధ్యయన కేంద్రానికి రావాలి. సోనాపూర్ నుంచి రావడానికి అది గోదావరి అవతలి ఒడ్డు కాదు గదా. అన్న దీన్ని గురించి పెద్దగా మాట్లాడలేదు. దొరికినదాంట్లో చేరిపోయాడు.

చేరడమంటే ఒక్కడు చేరడం కాదని మాకు తరువాత తెలిసింది. అన్న ఆధార్‌కు జతపడి ఉన్న నంబరు ఇంటి నంబరు. ఆ సిమ్ము బాపు ఫోనులో ఉంది. దరఖాస్తు పెట్టినా, ఫీజు కట్టినా, పరీక్షకు పేరు నమోదు చేసినా ఓటీపీ అని ఆరు అంకెలు బాపు జేబులో మోగుతాయి. బాపుకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక. అన్న డ్యూటీకి పోయేముందు తెల్లవారుజామున ఫారం నింపితే, ఇక్కడ బాపు అప్పటికే చేనులో మందు కొడుతుంటాడు. ఒకసారి నేను సెలవుల్లో ఇంటి దగ్గరే ఉన్నాను. బాపు పంపు భుజం మీదినుంచి దించి, చేతులు తుడుచుకొని, ఫోను ఎండకు అడ్డంపెట్టి, "ఆగు కొడుకా... నాలుగు... సున్న... ఏడు... గిది ఒకటా, ఏడా?" అంటుండగానే గడువు అయిపోయింది. మళ్ళీ పంపించుకున్నారు. రెండోసారి సరిగ్గా చదివాడు. చదివి, "పాసైనవా?" అని అడిగాడు. ఫీజు కట్టాడంతే! అప్పటినుంచి ప్రతి ఓటీపీకీ బాపు అదే ప్రశ్న అడుగుతున్నాడు. ఇప్పుడు హాస్యానికి అడుగుతున్నాడో నిజంగానే అడుగుతున్నాడో నాకు తెలియదు.

దుబాయిలో వాట్సాప్‌లో మాట్లాడుకోవడానికి వీలుండదు, సందేశాలు పోతాయి. అందుకని మాట్లాడాలంటే బోటిమ్, పాఠాలకు వాట్సాప్. నేను చెప్పదలచినది రికార్డు చేసి పంపుతాను, అన్న తీరికైనప్పుడు వింటాడు. నిజానికి బి.కాం. పాఠాలు నాకెక్కడ వచ్చు? హాస్టల్లో నా పక్క గది మిత్రుడు కామర్సు. అతని దగ్గర నేను నేర్చుకుని అన్నకు చెబుతాను. ఇట్లా మన హాస్టల్లో ఒక సైన్సు విద్యార్థికి జర్నలు, లెడ్జరు వచ్చేశాయి. చిత్రమేమిటంటే అన్నకు అవి నాకంటే త్వరగా పట్టుబడ్డాయి. గోదాములోకి వచ్చిన సరుకు ఒక పక్క, సైటుకు పోయిన సరుకు ఒక పక్క, రెండూ కలవకపోతే రాత్రి నిద్ర ఉండదు అని ఏడేళ్ళుగా బతుకుతున్నవాడికి డెబిట్టూ క్రెడిట్టూ కొత్తవి కావు.

అన్న చదువుకు అసలైన కాలం ఎండాకాలం. అక్కడి ప్రభుత్వం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించరాదని నిబంధన పెట్టింది. సైటు ఆగితే గోదాము కూడా ఆగుతుంది. అందరూ నీడ చూసుకుని ఒరిగితే, అన్న సిమెంటు బస్తాల వెనుక ఫోనుతో పాఠం వింటాడు. మనకు ఎండాకాలం సెలవులు, వాడికి ఎండాకాలం కాలేజీ.

ఇప్పుడు పరీక్ష సంగతి. పరీక్ష గదిలోనే రాయవచ్చు, కెమెరా చూస్తూ ఉంటుంది. గదిలో వేరే మనిషి ఉండరాదు. పెదవులు కదపరాదు. చూపు పక్కకు పోరాదు. ఆరుమంది ఉండే గదిలో ఇది ఎట్లా? ఆదివారం ఉదయం, వారానికి దొరికే ఒక్క సెలవునాడు, అయిదుగురూ లేచి, దుప్పట్లు తీసుకుని బయటికి పోయారు. జగిత్యాలాయన తలుపు ముందు కూర్చున్నాడు. నేపాలీ మెట్లమీద కూర్చుని వచ్చేపోయేవారిని నోటిమీద వేలుపెట్టి ఆపాడట. మూడు పేపర్లు ఇలాగే గడిచాయి. నాలుగోది రాస్తుండగా జగిత్యాలాయన చాయ తాగడానికి లేచాడు. అదే సమయానికి బీహారు వాళ్ళలో ఒకరు, ఓవర్‌టైము రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడు, ఏమీ తెలియక తలుపు తీసుకుని లోపలికి వచ్చి తన మంచమెక్కి పడుకున్నాడు. తెరమీద హెచ్చరిక వచ్చింది. అన్న మాట్లాడకూడదు, లేవకూడదు. ఆ మనిషి గురక మొదలుపెట్టాడు. రెండో హెచ్చరిక వచ్చింది.

ఆ పేపరు ఫలితం నిలిపివేశారు. సంజాయిషీ రాయమన్నారు. అన్న రాసిన సంజాయిషీని ఇంగ్లీషులోకి మార్చింది నేనే. "ఆ మనిషి నాకు జవాబులు చెప్పలేదు, ఆయన బడికి పోలేదు, పద్నాలుగు గంటలు పనిచేసి వచ్చి నిద్రపోయాడు" అని రాశాము. అంగీకరించలేదు, తరువాతి విడతలో మళ్ళీ ఫీజు కట్టి రాయమన్నారు. కాపీ కొట్టేవాళ్ళను పట్టాలి, కాదనను. మన హాలులో ఏం జరుగుతుందో మనకూ తెలుసు! కాని ఆ నియమం రాసినవారు ప్రతి మనిషికీ ఒక గది, గదికొక తలుపు, తలుపుకొక గడియ ఉంటాయనుకుని రాశారు. విదేశంలో ఉన్న విద్యార్థి అనగానే వారి కళ్ళముందు మెదిలినవాడు వేరే ఎవడో.

బీహారు మిత్రుడు ఆ నెల జీతంలోంచి ఫీజు తానే కడతానన్నాడట. అన్న ఒప్పుకోలేదు. చివరికి రెండు వారాలు అతను వండిపెట్టేట్టు, అన్న చదువుకునేట్టు రాజీ కుదిరింది.

ఇంత చేసి ఈ పట్టా ఎందుకు పనికివస్తుంది అని మా ఊళ్ళో అడిగేవాళ్ళున్నారు. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ పట్టాలు మామూలు పట్టాలతో సమానమేనని 2022 సెప్టెంబరులో యు.జి.సి. స్పష్టంగా ప్రకటించింది. అంటే మన దగ్గర ఉద్యోగ పరీక్షలకు కూర్చోవచ్చు. అక్కడ చూపించాలంటే మాత్రం ముద్రల ప్రయాణం ఉంటుంది: రాష్ట్రంలో విద్యాశాఖ ముద్ర, ఢిల్లీలో విదేశాంగశాఖ ముద్ర, ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర, ఆఖరున అక్కడి విదేశాంగశాఖ ముద్ర. ఆ కాయితం పట్టుకుని తిరగవలసినవాడిని నేనే. అన్నీ అయ్యాక కంపెనీవాడు రెగ్యులర్ కాదంటే అదొక పేచీ. కుర్చీ వస్తుందని అన్న కూడా గట్టిగా చెప్పడు. అవ్వ లెక్క వేరు. పట్టా వస్తే కొడుకు ఇక్కడికి వచ్చేస్తాడని ఆమె లెక్క. ఆ రెండు లెక్కలూ ఇంతవరకు ఫోనులో ఎదురుపడలేదు, ఎదురుపడకుండా మేమందరం జాగ్రత్తగా మాట్లాడుతున్నాం.

నేను పోయిన సెమిస్టరులో ఆమ్ల క్షార అంశమాపనం చేసిన రోజు రాత్రి అన్నకు మాటవరసకు చెప్పాను. వెంటనే బోటిమ్‌లో ఫోను చేశాడు. ఫినాఫ్తలీన్ ఎన్ని చుక్కలు వేశావు, గులాబిరంగు వచ్చి ఎంతసేపు నిలిచింది, ముప్పై సెకన్లు నిలవకముందే రీడింగు తీసుకున్నావా అని ఒకటే ప్రశ్నలు. మూడు రీడింగులూ చెప్పించుకున్నాడు. రెండు కలిశాయి, మూడోది కలవలేదు. "మల్ల చేసుడే తమ్మీ, గది లెక్కకు రాదు," అన్నాడు. నేను మరునాడు సారును అడిగి మళ్ళీ చేశాను. అప్పటినుంచి ప్రతి ప్రాక్టికల్ రీడింగులూ సోనాపూర్ పోతున్నాయి. నా రికార్డు పుస్తకంలో పేజీ పేజీ ఫోటో తీసి పంపుతాను. వాడు గోదాము లెక్కల పుస్తకం వెనుక వాటిని ఎక్కించుకుంటున్నాడని నిర్మల్ ఆయన చెప్పాడు.

వచ్చే జూన్‌లో అన్నకు ఆఖరి సెమిస్టరు, నిలిచిపోయిన పేపరు కూడా దాంతోనే. ఈసారి గోదాము పైన ఉన్న చిన్న ఆఫీసు గది ఆదివారాలు వాడుకోవచ్చునని కేరళ మేనేజరు మాట ఇచ్చాడు. దానికి తలుపుంది, గడియ కూడా ఉంది. చిక్కల్లా ఇక్కడే. జూన్ అంటే పత్తి విత్తే కాలం, వాన పడితే బాపు చేను విడిచి రాడు. ఫోను తడవకుండా ఉండడానికి అవ్వ ఒక ప్లాస్టిక్ సంచీ కుట్టిస్తున్నది. అంకెలు పెద్దగా కనబడేట్టు ఫోనులో ఎక్కడ మార్చాలో నేను ఉగాదికి ఇంటికి పోయినప్పుడు చూడాలి.