స్విచ్చి బేరం

ఇంట్లో అందరిచేతా మొట్టికాయలు తినే ప్రాణి ఏదో చెప్పుకోండి చూద్దాం. స్విచ్చి! పిల్లలు బంతితో కొడతారు, పనిమనిషి చీపురుకట్టతో పొడుస్తుంది, మావారు పేపరు మీంచి చూపు తిప్పకుండా మోచేత్తో నొక్కుతారు. అయినా ఏళ్ళ తరబడి నోరెత్తదు. ఎత్తిందంటే మాత్రం కొంప అంటుకుంటుంది, నిజంగానే.

మొన్న మా స్నానాలగదిలో గీజరు స్విచ్చి నోరెత్తింది. ముందు చిటపటమంది, తరువాత వెచ్చబడింది, ఆనక తెల్లటి పలక మీద గోధుమరంగు మచ్చ తేలింది. "పనిచేస్తోందిగా, ఇప్పుడేం తొందర?" అన్నారు మావారు. ఎనభై రెండేళ్ళ మా అత్తగారు తెల్లవారుజామునే లేచి తడిచేత్తో నొక్కేది దాన్నే. పనిచేయడమూ, ప్రాణం తీయకపోవడమూ ఒకటేనా? ఆ పూటే దానికి కరెంటు తీయించి బజారుకెళ్ళాను.

"మగవాళ్ళెవరూ రాలేదామ్మా?" అన్నాడు కొట్లో కుర్రాడు. వాళ్ళొస్తే నువ్వేదిస్తే అది జేబులో వేసుకుపోతారు నాయనా, అని మనసులో అనుకుని, రెండు రకాలు బల్ల మీద పెట్టించుకున్నాను. ఒకదాని ధర రెండోదానికి మూడు రెట్లు.

నేను చదివింది బి.ఏ. అయితేనేం, పుచ్చు వంకాయని పట్టుకోగలిగినవాళ్ళకి స్విచ్చి ఒక లెక్కా? వెనక్కి తిప్పి చూశాను. తీగె దూర్చి బిగించే దిమ్మ ఇత్తడిదై ఉండాలి. నా చేతిసంచీకి అయస్కాంతపు బొత్తాం ఉంది, దాన్ని ఆనించాను. చవకదాని దిమ్మ ఠపీమని అతుక్కుంది. పైన పసుపు పూత, లోపల ఇనుము! కుర్రాడు తల గోక్కున్నాడు.

స్విచ్చి లోపల రెండు లోహపు ముక్కలు విడిపోయేటప్పుడు రవ్వ పుడుతుంది. అందుకే మంచివాటిలో అవి ఆనేచోట వెండి కలిపిన బొట్టు పెడతారు. నొక్కితే టక్కున పడాలి. నాన్చే మనిషితో కాపురం చేయొచ్చుగాని (ఎవరి సంగతీ చెప్పటంలేదు) నాన్చే స్విచ్చితో చేయలేం. నాన్చినంతసేపూ రవ్వే.

అన్నిటికన్నా ముఖ్యం దాని మోత. రెండువేల వాట్ల గీజరు మన 230 వోల్టుల కరెంటు మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దీపాలకీ, ఫ్యాన్లకీ పెట్టేది 6 ఆంపియర్ల స్విచ్చి. మేం ఈ ఇల్లు కొనేనాటికే ఎవరో మహానుభావుడు గీజరుకి బిగించి పోయింది ఆ ఆరుదే! గాడిద మీద ఏనుగు బరువు వేసి, అది కూలబడిందని తిడితే ఎలా? 16 ఆంపియర్లది తీసుకున్నాను. ఐ.ఎస్.ఐ. ముద్ర పైన ఐ.ఎస్. 3854 అన్న అంకె, కింద లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను.

సాయంత్రం కరెంటు పనివాడు వచ్చాడు. మెయిన్ ఆపించాను. స్విచ్చిని గది బయటి గోడకి మార్పించాను. ఫేజు తీగె మీదే పెట్టమని రెండుసార్లు చెప్పాను. న్యూట్రల్ మీద పెడితే స్విచ్చి ఆపినా గీజరులో కరెంటు కాచుకునే ఉంటుంది. మరలు గట్టిగా బిగించమన్నాను. వదులైతే ఎంత ఖరీదుదైనా కాలుతుంది.

"మీరు సైన్సు టీచరామ్మా?" అన్నాడు.

"కాదు, నవలలు రాస్తాను."

నమ్మినట్టు లేదు. పోతూ పోతూ, "ఆ పాతది పారేయకండమ్మా, వరండా దీపానికి పనికొస్తుంది" అన్నాడు. అతను గేటు దాటాక దాన్ని పచ్చడిబండతో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను.