కొకెషి బొమ్మ

నిరుక్తము చదివినవారి కొక చాపల్యము కలదు. ఏ పదము చెవిని బడినను దానిని విరిచి లోపల నేమున్నదో చూడవలె ననిపించును. జపాను దేశపు ప్రధానద్వీపమున ఉత్తరభాగముననున్న తొహొకు సీమలో కొయ్యతో జేయు కొకెషి బొమ్మల విషయమున ఈ చాపల్యము పెద్ద అపవాదునకే దారితీసినది.

నాయొద్ద చదివి, ఇప్పుడా దేశమున ఉద్యోగము చేయుచున్న శిష్యు డొకడు సెలవులకు వచ్చి మా యింటి చిన్నదాని కొక కొకెషి నిచ్చెను. దానికి చేతులు లేవు, కాళ్లు లేవు. జానెడు స్తంభము, దానిపై గుండ్రని తల, గీతలవంటి కన్నులు, ఒడలిపై ఎఱ్ఱని చేమంతులు. తల త్రిప్పిన కీచుమనును; ఇది నరుకో అను ఊరి బొమ్మల గుర్తు. పిల్ల ఆ కూతకు మురిసిపోవుచుండగా శిష్యుడు మెల్లగా చెప్పెను: "'కో' అనగా బిడ్డ, 'కెషి' అనగా తుడిచివేయుట. కరవుకాలమున పుట్టగానే చంపిన శిశువులకు గుర్తుగా తల్లులు వీనిని నిలుపుకొనిరట." అది విన్నంతనే మా యింటివారు బొమ్మను పిల్లచేతినుండి తీసికొని అలమారుపై బెట్టిరి.

శిశుహత్య కల్ల కాదు. దానిని జపానీయులు 'మబికి' అనిరి. ఒత్తుగా మొలచిన మొక్కలను పెరికి పలుచన చేయుట అని ఆ మాటకు అర్థము. 1780ల నాటి ఘోరక్షామము తొహొకును పాడుచేసినది. అయిన నా పాపమునకు ఈ బొమ్మను సాక్షిగా బిలుచుట అన్యాయము. 'కొకెషి' అను పేరే అంతటను లేదు. ఒకచోట దీనిని 'దెకో' అనిరి. మరియొకచోట 'కిబొక్కో' అనిరి, అనగా కొయ్యబిడ్డ. 1940లో నరుకోలో గూడిన బొమ్మల అభిమానులు అన్ని పేళ్లను త్రోసి 'కొకెషి' నొక్కదానిని నిలిపిరి. నిన్న మొన్న స్థిరపడిన పేరును విరిచి నూఱేండ్లనాటి తల్లుల హృదయము చదువుట యెట్లు? ఈ కథ వ్యాపించినదియు రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటనే.

బొమ్మ పుట్టుక ఇంతకంటె సామాన్యము. పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో సేద్యపు పనులు తీరిన రైతులు ఒడలి నొప్పులు పోగొట్టుకొనుటకు కొండలలోని వేడినీటి బుగ్గలకు బోయి దినములకొలది యుండెడివారు. అచ్చటి 'కిజిషి'లు, అనగా తరిమెన పట్టి గిన్నెలు, పళ్లెములు చేయువారు, మిగిలిన కొయ్యతో బొమ్మలు తీసి వారి కమ్మిరి. మన ఏటికొప్పాక పనివారిని చూచినవారికి ఈ పని క్రొత్తగా దోపదు. పూర్వము ఒకడు ఇరుసునకు జుట్టిన త్రాటిని లాగుచుండగా రెండవవాడు ఉలి పట్టెడివాడు. మెయిజి కాలమున కాలితో త్రొక్కు తరిమెన రాగా ఒక్కడే చాలెను. త్సుచియు పనివారు తిరుగుచున్న కొయ్యకే కుంచె నానించి వలయములు దీర్తురు. ఇక ఎఱుపన్ననో, అది మశూచికమును దరిజేరనీయదని ఆనాటి నమ్మకము. బిడ్డ బ్రదుకవలెనని కొన్న బొమ్మ యిది!

కిజిషిలకు తమదైన కథ యొకటి కలదు. సింహాసనము దక్కని కొరెతక రాకుమారుడు (844–897) ఓమి సీమలోని ఒగుర కొండలు జేరి, తరిమెన కనిపెట్టి, అడవివారికి నేర్పెనట. ఈ వంశకథను నిలుపు పత్రములను చేతబట్టి, ఏ కొండనైనను చెట్టుకొట్టు హక్కు తమకు గలదని వారు వాదించెడివారు. చరిత్రకారు లా పత్రములను నమ్మరు. మన వృత్తికులముల పురాణములు మాత్రము చరిత్రయా? నిలువనీడ లేక కొండకొండకు దిరుగు పనివాడు తనకొక రాజును తాతగా జేసికొనిన నష్టపడిన దెవరు? ఆ కల్పన వానికి గొడ్డలి పెట్టుటకింత చోటిచ్చినది. తుడిచివేత కథను మాత్రము ఆ బొమ్మలు చేసినవారు చెప్పలేదు, కొన్న తల్లులు చెప్పలేదు. చదువుకొన్న పైవారు ఒక పదమును విరిచి పేదరాండ్ర నెత్తిన బెట్టిరి.

తగరపు బొమ్మలు, సెల్యులాయిడు బొమ్మలు వచ్చి పిల్లలు కొకెషిని విడిచినప్పుడు పెద్దలు దానిని చేరదీసిరి. 1928లో అమాయె తొమియ వీనిపై గ్రంథమే ప్రకటించెను. నాటినుండి కొకెషి అద్దపుబీరువాలలో కెక్కినది. అందున్న బొమ్మ తల నెవరును త్రిప్పరు.