ఆ సైకిల్‌లో గాలి తీసింది నేనే!

అక్కలూ, చెల్లెళ్ళూ, మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మావారి సైకిల్ టైర్లలో గాలి తీసింది నేనే. ఒకసారి కాదు, మూడుసార్లు!

మావారు సైన్యంలో పదిహేడేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. డిచ్‌పల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం, ఇక హాయిగా ఉండొచ్చనుకున్నాం. 2019లో హైవే దాటుతుంటే లారీ గుద్దింది. సరిహద్దులో తగలని దెబ్బ ఇంటి ముందర తగిలింది. తొడ ఎముక విరిగితే లోపల రాడ్ వేశారు. ఆర్నెల్లు మంచం, ఆ తర్వాత చంకకర్రలు.

నేనేమో అన్నీ చేతికి అందించాను. మంచినీళ్ళు, పేపరు, చెప్పులు... ఆయన లేవబోతే చాలు, "మీరు కూసోండ్రి, నేనున్న గదా" అని పరుగెత్తేదాన్ని. చుట్టాలు "ఎంత సేవ చేస్తున్నదో!" అని మెచ్చుకుంటే లోలోపల పొంగిపోయాను. రోజూ నడిపించమని డాక్టరుగారు చెప్పినా వాకిలి దాటనివ్వలేదు. ఆ లారీ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు మరి.

2020 చలికాలంలో పేపర్లో ఒక వార్త చూశారు. హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, సైకిల్ తొక్కడం సాధన చేసి, 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రజత పతకాలు గెలిచారు. ఆయన పెట్టిన ఫౌండేషన్, గాయపడి కాళ్ళు పోగొట్టుకున్న సరిహద్దు భద్రతా దళం, సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లకు సైక్లింగ్ నేర్పుతుంది. అలాంటి జవాన్లు కూడా ఉన్న బృందం ఆ నవంబరులో శ్రీనగర్‌లో బయల్దేరింది. కన్యాకుమారి దాకా దాదాపు 3,800 కిలోమీటర్లు. దివ్యాంగ క్రీడాకారుల శిక్షణకు విరాళాలు కూడగట్టడానికట.

"మన ఊరి పక్క రోడ్డు గూడ శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయేదే గదనే!" అన్నారు మావారు. నిజమే. ఒకప్పుడు 7వ నంబరు అని పిలిచిన ఆ రహదారే ఇప్పుడు 44వ నంబరు.

మర్నాడే పాత సైకిల్ దులిపించారు. నేను రాత్రిపూట వెళ్ళి గాలి తీసేశాను. మూడోసారి దొరికిపోయాను. ఆయన కోప్పడలేదు.

"దెబ్బ తాకింది నా కాలుకు. నన్ను కుంటోన్ని చేస్తున్నది మాత్రం నువ్వే" అన్నారు, అంతే.

ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఏడ్చాను.

కొన్నాళ్ళకు అదే యాత్ర గురించి ఇంకో సంగతి తెలిసింది. మధ్యప్రదేశ్ అమ్మాయి తాన్యా డాగా. ప్రమాదంలో ఒక కాలు పోయింది. యాత్ర మధ్యలో తండ్రి చనిపోయాడని కబురొస్తే ఇంటికి వెళ్ళి, తిరిగొచ్చి కన్యాకుమారి చేరింది. అంత దుఃఖంలోనూ బిడ్డను మళ్ళీ రోడ్డు మీదికి పంపిన ఇల్లు అది. నేనేమో గాలి తీస్తున్నాను!

డాక్టరుగారిని అడిగాం. ఎముక బాగా అతుక్కుంది, తొక్కొచ్చన్నారు. మోకాలు మరీ మడత పడకుండా సీటు ఎత్తు సరిచూసుకోవాలి, నొప్పి వస్తే ఆపాలి అన్నారు. గాలి నేనే కొట్టించుకొచ్చాను. మైదానంలో మొదటి వారమే పడ్డారు. పరుగెత్తబోయి ఆగిపోయాను. తనే లేచి మట్టి దులుపుకున్నారు. ఆ నిమిషం నేనెలా నిలబడ్డానో నాకే తెలుసు.

2021 దసరాకు ఆ సైకిల్‌కే పసుపు కుంకుమ పెట్టి పూజ చేశాను. ఆ ఆదివారం హ్యాండిల్‌కు జమ్మి ఆకు కట్టి డిచ్‌పల్లి నుంచి నిజామాబాద్‌కు పంపాను. పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. మా వాడకట్టు వాళ్ళు కిలోమీటరుకు పది రూపాయలని ఒప్పుకున్నారు. నా పోపులడబ్బా డబ్బులూ కలిపాను. పక్క వీధిలో పోలియో సోకిన పిల్ల మూడు చక్రాల బండికి కొత్త టైర్లు వచ్చాయి. గొప్ప మొత్తమేం కాదు. కానీ ఇంతకాలంగా అందరి సాయం పుచ్చుకున్న మనిషి ఆ రోజు ఒకరికి సాయం చేసి ఇంటికొచ్చాడు. ఆ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో!

మీ ఇంట్లోనూ దెబ్బతిని లేస్తున్న వాళ్ళుంటే ఒక్క మాట. డాక్టరు సరేనన్నాక మంచినీళ్ళ గ్లాసు చేతికివ్వకండి. నాలుగడుగుల దూరంలో పెట్టండి. మనసు ఊరుకోదు, నిజమే. అయినా పెట్టి చూడండి.