కత్తిరాయి ఎవరిది?

నందిగామలో ఒక పాత ఇనుము కొట్టు ముందు, తుప్పు పట్టిన తాళాల మధ్య ఒక రాయి కనిపించింది. జానెడుకు కొంచెం తక్కువ పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు. ఒక ముఖం గంధం రంగు, రెండోది నేరేడు రంగు. వెల 150 రూపాయలు.

"కత్తిరాయి మీకెందుకండీ? మీరేమన్నా మంగలోళ్ళా?" అని కొట్టతను నవ్వాడు.

"కాదు, పరిశోధన కోసం" అన్నాను.

అది అబద్ధం. మా తాత, మా నాన్న చందర్లపాడులో పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగినవాళ్ళు. కళ్ళంలో రైతు కొలిచిన గింజలే వారి ఏడాది కూలి. ఆ గింజలు తిని పెరిగి, తెలుగులో ఎం.ఏ. చదివి, ఇప్పుడు కళాశాలలో పాఠం చెబుతున్నాను. శ్రమజీవుల సాహిత్యం మీద గంటసేపు ఉపన్యసించగలవాణ్ణి, ఆ కొట్టు ముందు నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికి వచ్చి, పరిశోధన అన్న మాటనైనా నిలబెట్టుకుందామని రాయి సంగతి తేల్చడానికి కూర్చున్నాను. మొదట మన జగ్గయ్యపేట సున్నపురాయే అనుకున్నాను. అంచున కొంచెం గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండాను. సున్నపురాయి అయితే బుడగలు రావాలి, రాలేదు. మార్కాపురం పలకరాయేమో అనుకుని తూచాను. గాలిలో 279 గ్రాములు, దారం కట్టి నీళ్ళలో వేలాడదీస్తే 186. తేడా 93. అంటే అదే ఘనపరిమాణం గల నీటికి మూడు రెట్ల బరువు. పలకరాయి సాధారణంగా అంత బరువుండదు.

గంధపు ముఖం మీద నీళ్ళు పోసి కత్తితో రుద్దితే పాలలాంటి గంధం వచ్చింది. రెండు రంగుల మధ్య జిగురుతో అతికించిన గీత లేదు. రెండు పొరలూ భూమిలో కలిసే పుట్టాయి. ఈ లక్షణాలన్నీ కలిసే రాయి బెల్జియం దేశపు ఆర్డెన్ కొండల్లో, సాల్మ్ నది ప్రాంతంలో దొరుకుతుంది. పేరు కోటిక్యూల్. దానిలో గార్నెట్ అనే ఖనిజపు సూక్ష్మమైన గింజలుంటాయి. అవి ఉక్కు కంటే గట్టివి. అయినా గుండ్రని ఆకారం వల్ల లోతుగా గీరవు. అందుకే గడ్డం కత్తికి అంత నున్నని అంచు వస్తుంది.

తేలిపోయిందని సంబరపడ్డాను. ఏ దొర బంగళాలోనో అద్దం ముందు వెలిగిన రాయి అని కథ కూడా అల్లుకున్నాను. ఆ వారం ఊరికి వెళ్ళి, నాన్న చేతిలో పెట్టి బెల్జియం గురించి చెప్పాను.

ఆయన గంధపు ముఖం వైపు చూడనే లేదు. రాయిని తిరగేసి, నేరేడు ముఖం మీదున్న సన్నని గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగారు.

"దొర లేదు, గిర లేదు. ఇది గోరుగల్లు నూరిన గాడిరా. ఊళ్ళో గోళ్ళు తీసినవాడి రాయి ఇది. కత్తి ముఖం చూడు, ఎంత అరిగినా ఎక్కడా గుంట పడలేదు. మంచి పనివాడు."

నేను ఆ గాడిని చూశాను. ఏదో దెబ్బ తగిలిందనుకుని వదిలేశాను. నిమ్మరసమూ తక్కెడా రాయి ఏ దేశపుదో చెప్పాయి, అది ఎవరి చేతిదో చెప్పలేదు.

మా పక్కనే జగ్గయ్యపేటలో 1882లో బర్జెస్ స్తూపాన్ని వెలికి తీయించినప్పుడు ఆయక స్తంభాల మీద ఒక ప్రాకృత శాసనం బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటిది, అంటే క్రీ.శ. మూడో శతాబ్దం. ఆ స్తంభాలను నిలిపినవాడు ఆవేసని సిద్ధార్థుడు. ఆవేసని అంటే చేతిపనివాడు. తన తండ్రి నాకచంద్రుడు కూడా ఆవేసనియేనని అతను రాతిలో చెక్కించుకున్నాడు. నేను ఆ శాసనాన్ని భాషాచరిత్ర పాఠంలో ఎన్నోసార్లు చెప్పాను. ధ్వని మార్పులన్నీ వివరించాను. ఒక పనివాడు తన తండ్రి పనిని దాచకుండా చెప్పుకున్న సంగతి మీద మాత్రం ఎన్నడూ ఆగలేదు.

1990లలో ఎయిడ్స్ భయం వచ్చాక, సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తులు మా ఇంట్లోకీ వచ్చాయి. ఆ మార్పు మంచిదే. రాళ్ళు మాత్రం అటక ఎక్కాయి. వాటితోపాటు ఆ గాడిని చదవగలిగిన విద్య కూడా అటకెక్కింది. చదవగలవాళ్ళు ఇంకా మన ఇళ్ళలోనే ఉన్నారు. వాళ్ళను అడగకుండా శ్రమ గురించి మనం రాసే విమర్శ, ఎంత పదునైనదైనా, పరాయి రాతి మీద నూరిందే.

తరవాతి ఆదివారం మళ్ళీ ఆ కొట్టుకు వెళ్ళాను. ఆ రాయి ఏ ఊరి నుంచి వచ్చిందని అడిగాను.

"పొదితోసహా తూకానికి వచ్చిందండీ. కత్తులు ఇనుములో పోయాయి. రాయికి తూకం ధర లేదు గనక మిగిలింది. ఇంతకీ మీ పరిశోధన అయిందా?"

"పరిశోధన కాదండీ. మాది ఆ పనే. మా నాన్నది చందర్లపాడు" అన్నాను.

అతను ఈసారి నవ్వలేదు. ఒక స్టూలు ముందుకు జరిపి కూర్చోమన్నాడు.