సముద్రానికీ బడికీ ఒకేసారి సెలవులు

ఏప్రిల్ 15 వచ్చిందంటే అనకాపల్లి జిల్లాలోని పూడిమడక తీరంలో పడవలు ఒడ్డెక్కుతాయి. జూన్ 14 దాకా, అంటే 61 రోజులపాటు, తూర్పు తీరమంతటా మరబోట్లతో, మోటారు పడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ కట్టుబాటు. బడి సెలవులు కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తాయి. 2025లో మన రాష్ట్రంలో వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూన్ 11తో ముగిశాయి. అంటే పిల్లల సెలవులన్నీ తండ్రుల సెలవుల లోపలే ఇమిడిపోతాయి. మిగతా ఏడాదంతా తెల్లారకముందే సముద్రం మీదికి వెళ్లిపోయే నాన్న ఈ రెండు నెలలూ ఇంటి ముందు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటూ కనిపిస్తాడు. మత్స్యకార గ్రామంలో పిల్లల కోసం వేసవి శిబిరం పెట్టదలుచుకున్నవాళ్లకి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

వేసవి శిబిరాలు మనకు కొత్తేమీ కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల ఆటపాటల కోసం జీవితమంతా పాటుపడ్డారు. ఇప్పటికీ గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు నడుస్తున్నాయి. మే నెలలో క్రీడాప్రాధికార సంస్థ ఆటల్లో శిక్షణ ఇస్తోంది. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం కింద కాలేజీ పిల్లలు పల్లెల్లో వారం రోజులు మకాం వేసి పనిచేస్తున్నారు. ఇవన్నీ ఎంతో మంచి పనులు. అయితే పల్లెకి వెళ్లే శిబిరాల్లో తరచుగా ఒకటే వరస కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చినవాళ్లు చెబుతారు, ఊరివాళ్లు వింటారు. పూడిమడకలో ఆ వరస మారాలి. అక్కడ చెప్పాల్సినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు.

వల బాగుచేసే మనిషి పక్కన పిల్లల్ని ఒక పూట కూర్చోబెట్టండి. వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టుకుంటాడు. చిరిగినచోట వేలాడే దారాలన్నీ ముందు కత్తిరించేస్తాడు. చిరిగిన దారం మీద కొత్త ముడి నిలవదని ఆయనకు తెలుసు. తర్వాత నైలాను దారం చుట్టిన సూదిని ఒక కన్నులోంచి పైకి తీసి, మెలిపెట్టి, లాగి బిగిస్తాడు. కన్ను కొలత ఎక్కడా తప్పదు. ఎందుకలా అని పిల్లలు అడగాలి. కన్ను పెద్దదైతే చేప జారిపోతుంది, మరీ చిన్నదైతే ఇంకా ఎదగని పిల్ల చేప కూడా చిక్కుతుంది. ఇవాళ పిల్ల చేప చిక్కితే రెండేళ్ల తర్వాత పెద్ద చేప ఉండదు. వేట నిషేధం ఎందుకో, జీవశాస్త్రం పుస్తకంలో ఆ పాఠం ఎందుకుందో ఆ ఒక్క కన్ను చూపించి చెప్పొచ్చు.

అలాగే అమ్మల్ని పిలవాలి. ఒడ్డున వేలంపాటలో చేప పాడుకుని, తట్టకెత్తుకుని, ఊరూరా తిరిగి అమ్మి, ఐసు ఖర్చూ ఆటో ఛార్జీ పోను ఎంత మిగిలిందో నోటిలెక్కతో చెప్పగలిగిన ఇల్లాలికన్నా మంచి లెక్కల టీచరు ఎవరు? ఆమె శిబిరం పందిట్లో పదిమంది ముందు నిలబడి తన లెక్క తాను వివరిస్తే, ఎదురుగా కూర్చున్న కూతురు తల్లిని చూసే చూపే మారుతుంది. నాకు శిబిరం మొత్తంలో అన్నిటికన్నా విలువైన గంట అది.

ఇక సముద్రం. 2022 జూలైలో ఈ తీరానికి సరదాగా వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు స్నానానికి దిగి కొట్టుకుపోయారు. ఆ కడుపుకోత గుర్తున్నవాళ్లెవరూ ఇక్కడ శిబిరం పెట్టి సముద్రం గురించి చెప్పకుండా ఉండలేరు. ఒడ్డుకి వచ్చిపడిన నీరు మళ్లీ లోపలికి పోవడానికి ఒక దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో కెరటాలు విరగవు, నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఊరు తెలియనివాళ్లు అదే మంచి చోటనుకుని దిగుతారు. ఊరి పెద్దాయన మాత్రం, ‘‘కెరటం ఇరగని సోట దిగకండి బాబూ’’ అని ఒక్క మాటలో చెప్పేస్తాడు. ఆ ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలిసిపోతాం. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఇది ప్రతి బిడ్డకీ కంఠతా రావాలి.

పూడిమడకకి ఇప్పుడు ఇంకో ముఖం కూడా వస్తోంది. 2025 జనవరి 8న విశాఖపట్నం సభలో ప్రధానమంత్రి ఇక్కడి ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. ఆ మాట ఊళ్లో అందరూ విన్నదే. నీళ్ల నుంచి హైడ్రోజన్ ఎలా వస్తుందో పిల్లలకి చూపించడానికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ, వంటసోడా కలిపిన గ్లాసెడు నీళ్లు, రెండు పెన్సిల్ ముళ్లు, రెండు తీగలు చాలు. తీగలు కలపగానే రెండు ముళ్ల చుట్టూ బుడగలు లేస్తాయి. ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు ఆక్సిజన్. గాలి తగిలేచోట, పెద్దవాళ్ల సమక్షంలో చేయాలి. ఉప్పునీళ్లతో చేస్తే క్లోరిన్ వస్తుంది, అందుకని వంటసోడాయే వాడాలి. రేపు ఆ ప్లాంటులో ఉద్యోగాలు వచ్చినప్పుడు ఈ పిల్లలు గేటు బయట నిలబడిపోకూడదంటే ఆ చదువు ఇవాళే మొదలవ్వాలి.

శిబిరం బాగా నడవడమంటే సగం ముందేర్పాట్లే. మే నెలలో ఇక్కడ ఉక్కపోత ఒళ్లంతా తడిపేస్తుంది. పొద్దున్న ఆరు నుంచి పది వరకు ఒక పూట, ఎండ తగ్గాక మళ్లీ ఒక పూట చాలు. తాటాకుల పందిరి, చాలినన్ని మంచినీళ్ల కుండలు, ఆడపిల్లలకి శుభ్రమైన మరుగుదొడ్డి, తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం, ఫోను నెంబర్ల పట్టిక, మందుల పెట్టె ముందే సిద్ధం కావాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపడం కార్యకర్తలందరికీ తెలిసుండాలి. నీళ్ల దగ్గరికి వెళ్లే ప్రతిసారీ ఈత వచ్చిన ఊరి యువకులు, తాళ్లు, గాలి నింపిన ట్యూబులు వెంట ఉండాలి. తినడానికి బయటి బిస్కెట్లు వద్దు. పొద్దున్నే చోడి అంబలి, సాయంత్రం వేరుసెనగ పప్పు, అనకాపల్లి బెల్లం. మధ్యలో ఆ కాలానికే దొరికే తాటి ముంజలు. ఒకరోజు దగ్గర్లోని కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకి తీసుకెళ్లి తాటిదోనెలు చూపిస్తే, ఉప్పునీళ్ల పిల్లలకి మంచినీళ్ల పడవల సంగతి తెలుస్తుంది.

శిబిరంలో ఎవరెవరు కలిసి కూర్చుంటారన్నదీ ముఖ్యమే. 1907 ఆగస్టులో బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో మొట్టమొదటి స్కౌట్ శిబిరం పెట్టినప్పుడు, పెద్ద చదువుల ఇళ్ల పిల్లల్నీ కష్టజీవుల పిల్లల్నీ ఒకే గుడారాల్లో కలిపి ఉంచాడు. పక్కనున్న అచ్యుతాపురం కంపెనీల్లో పనిచేసేవాళ్ల పిల్లలూ పూడిమడక మత్స్యకారుల పిల్లలూ ఒకే పందిట్లో కూర్చోవడం ఇవాళ మనకు అంతే అవసరం.

వేట నిషేధం రోజుల్లో మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం భృతిగా 20,000 రూపాయలు ఇవ్వడం 2025లో మొదలైంది. అది ఆసరా. శిబిరంలో పాఠం చెప్పినందుకు ఇచ్చేది గౌరవం. కాబట్టి శిబిరం నిర్వహించే సంస్థలకి, కాలేజీలకి, కంపెనీలకి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది ఖర్చుల పట్టిక రాసేటప్పుడు బ్యానర్లకన్నా ముందు ఊరి గురువుల గౌరవవేతనం రాయండి. మార్చిలోనే వెళ్లి ఆ పెద్దల్ని, ఆ తల్లుల్ని పేరుపేరునా పిలవండి.